దీపం కింద చీకటి కాదు

ఆ పొద్దున్న ఆస్పత్రి నుంచి వచ్చిన మా పెద్దకొడుకు చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి వచ్చాడు. "అమ్మా, ముందు ఏటన్నా తిను" అని ఇడ్లీ పళ్ళెం నా చేతిలో పెట్టాడు. నాకు తెలిసిపోయింది.

"మీ నాన్న ఎల్లిపోనాడేట్రా?" అన్నాను.

"తిన్నాక సెప్తానమ్మా" అని గోడవైపు తిరిగాడు.

ఆ ఇడ్లీ నేను తినలేదు. కానీ వాడిని తప్పుపట్టలేదు. తిన్నాకే చెడ్డ కబురు చెప్పాలన్నది మా ఇంటి పద్ధతి. పెట్టింది మా ఆయనే.

ఆయన మొదట సిపాయి, తర్వాత మాస్టారు. సరిహద్దులో ఉన్నప్పుడు మన వైపు కుర్రాళ్ళకి ఇళ్ళ నుంచి ఉత్తరాలు వచ్చేవి. చదవడం రానివాళ్ళంతా ఆయన దగ్గరకే తెచ్చేవారట. ఒకడికి తల్లి పోయిందని వచ్చింది. ఈయన ఆ ఉత్తరం చూసి, మడిచి జేబులో పెట్టుకుని, "ముందు మెస్సుకెళ్ళి తినేసి రా" అని పంపాడట. "చెడ్డ కబురు ఎక్కడికీ పారిపోదు. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు వింటే మనిషి కూలబడిపోతాడు" అనేవాడు. మిలట్రీ నుంచి వచ్చాక బడిలో ఉద్యోగం ఇచ్చారు గానీ, ఆయన మాస్టారయింది ఆ గుడారాల్లోనే అని నేను అనుకుంటాను.

నేను చెబుతున్నాను, మా కోడలు రాస్తోంది. నాకు అక్షరం ముక్క రాదు. ఈ తగువంతా దాని గురించే.

మొన్న శిష్యులంతా కలిసి సంతాప సభ పెట్టారు. ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసేవాళ్ళు, బస్సు కండక్టర్లు, స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయినవాళ్ళు వచ్చారు. పగలు పిల్లలుగానో, డ్యూటీ దిగి రాత్రి బడికి వచ్చిన కూలీలుగానో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే వీళ్ళంతా. అందరూ మంచిగానే మాట్లాడారు. చివరికి ఆయన మొదటి శిష్యుల్లో ఒకాయన, ఇప్పుడు తనే హెడ్మాస్టరు, మైకు పట్టుకుని, "ఊరందరికీ అక్షరం నేర్పిన మాస్టారు అమ్మగారికి మాత్రం నేర్పలేకపోయారు. దీపం కింద చీకటి" అన్నాడు. ముందు వరసలో ఆడవాళ్ళు నా వైపు జాలిగా చూశారు. ఈ ఉపన్యాసాలన్నీ కలిపి పుస్తకం వేస్తారట.

లేచి మైకు లాక్కుందామనుకున్నాను. ఓపిక లేకపోయింది. వచ్చినవాళ్ళందరికీ ఆయన ఎలా పోయాడో చెప్పి చెప్పి నా ఒళ్ళు హూనమైంది. కానీ ఆ మాట అచ్చులో ఉండిపోతే, తాత బడిలో ఒకలాగా ఇంట్లో ఒకలాగా ఉన్నాడని రేపు మనవలు అనుకుంటారు. ఆ మాట నేను అచ్చు పడనివ్వను.

ఇంట్లో ఆయన ఎలాంటివాడో నన్నడగండి. ఆదివారం చేపల పులుసు ఆయనదే. నేను ఉప్పు చూడబోతే గరిటె లాక్కునేవాడు. కూతురికి జడలు ఆయనే వేసేవాడు, మిలట్రీలో డేరా తాళ్ళు బిగించినట్టు. "నాన్నా, కళ్ళు పైకెళ్ళిపోతన్నాయి" అని అది ఏడిస్తే, "సాయంత్రం దాకా ఊడకపోతే నన్ను మెచ్చుకో" అనేవాడు. ఊడేవి కావు.

నాకూ పలక తెచ్చాడు. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే. ఆయన మా మేనత్త కొడుకు, బావా అనే పిలిచేదాన్ని.

"ఓలె, ఇలగ కూకో. అ దిద్దు" అన్నాడు.

"నాను దిద్దను బావా."

"ఎందుకలగ?"

"నాకు సదువొస్తే నా పేపరు నాను సదూకుంతాను, నీ పేపరు నువ్వు సదూకుంతావు. ఇంక మనం మాటాడుకునేదేటి?"

 ఆయన పకపకా నవ్వి పలక బడి పిల్లలకి ఇచ్చేశాడు. "చదువు అడిగినవాడికి పెట్టాలి, నోట్లో కుక్కకూడదు" అన్నది ఆయన మాట. మళ్ళీ ఎప్పుడూ నన్ను బలవంతపెట్టలేదు, చిన్నబుచ్చలేదు. బోర్డు తెలియక వేరే బస్సెక్కి మద్దిలపాలెంలో దిగిపోయి, ఎండలో నిలబడిన రోజులున్నాయి. ఆ కష్టం నేను కోరి తెచ్చుకున్నది. ఆయన మీద వేస్తే ఊరుకోను.

ఆనాటి నుంచి రోజూ సాయంత్రం పేపరు చదివేవాడు, నేను చేపలు తోముతూనో బియ్యం ఏరుతూనో వినేదాన్ని. మా రెండోవాడు ఫ్యాక్టరీలో చేరాక, ఎక్కడైనా ప్రమాదం వార్త వస్తే ఆయన గొంతు పరుగెత్తేది.

"ఏటి దాటేసినావు?" అనేదాన్ని.

"ఏటీ నేదే."

"నాను తినేసినాను గానీ సెప్పు."

అప్పుడు వెనక్కి వెళ్ళి మెల్లగా చదివేవాడు.

నిన్న ఆ హెడ్మాస్టరు ఇంటికి వచ్చాడు. కూర్చోబెట్టి టీ ఇచ్చాను.

"బాబూ, ఆ చీకటి ముక్క తీసెయ్" అన్నాను.

"అమ్మగారూ, నాను తప్పుగా అన్లేదండి. మాస్టారంటే నాకు ప్రాణం."

"ప్రాణమైతే మరీ తీసెయ్యాల. అంత సదువుకున్నావు, వొచ్చి నన్నొక్క మాట అడగలేపోనావేటి?"

టీ గ్లాసు కింద పెట్టేశాడు. "తీసేత్తానమ్మా. మరి అక్కడ ఏటని రాయమంతారు?" అన్నాడు.

అప్పుడు పోయిన చలికాలం సంగతి చెప్పాను. షుగరు వల్ల ఆయన కళ్ళు బాగా మసకబారాయి. అయినా సాయంత్రమయ్యేసరికి పేపరు పట్టుకుని కూర్చునేవాడు. ఒకరోజు, కొత్తగా ఫ్లైఓవరు కడతారట అని చదువుతున్నాడు. ఆ ఫ్లైఓవరు కింద నుంచి నేను ఎన్నేళ్ళుగానో వెళ్తున్నాను. తలెత్తి చూశాను. పేపర్లో ఎవరో నాయకుడి ఫొటో ఉంది. దండలతో సహా తలకిందులుగా ఉంది. ఈయన తడబడకుండా, కామా దగ్గర ఆగుతూ, చుక్క దగ్గర ఊపిరి తీసుకుంటూ చదువుకుపోతున్నాడు.

"ఊఁ, తర్వాత?" అన్నాను.

ఆయన వేలు తడి చేసుకుని పేజీ తిప్పాడు.