పులిసిన మండె వాసన

రిటైర్మెంట్‌కు మూడేళ్ళ ముందు, ఫిబ్రవరి నెలలో, సత్తుపల్లిలో హార్టికల్చర్ అసిస్టెంట్ డైరెక్టర్‌గా ఉన్న నన్ను ఆయిల్‌పామ్ మొలకల తనిఖీకి మలేషియా పంపించారు. నాలుగు నెలల డ్యూటీ, నాలుగు లాట్లు.

ఆయిల్‌పామ్ గింజను నేరుగా మట్టిలో పెట్టరు. వేడి గదిలో రెండు నెలలకు పైగా ఉంచి, నానబెట్టి, మొలకెత్తించి, ఆ మొలకలను సంచుల్లో కట్టి విమానంలో పంపుతారు. పంపేముందు కొనేవాళ్ళ తరఫున ఒక ఆఫీసరు చూసి సంతకం పెట్టాలి. విరిగినవి, వంకర తిరిగినవి, గోధుమరంగు మచ్చ పడ్డవి ఏరి పారేయాలి. మూడు లాట్లు పంపాను, ఒక్క కంప్లయింటు రాలేదు. నా కంటి మీద నాకు నమ్మకం, కొంచెం పొగరు కూడా అనుకోండి.

నాలుగో లాటు మీద సంతకం పెడితే ఇంటికి పోవచ్చు. మా ఆవిడ సుగుణది ములకలపల్లి, వ్యవసాయదారుల ఇంటి పిల్ల. "ఇంక మీరొచ్చేదాకా చూసుడు నాతోని గాదు. నేనే వచ్చి ఎంటబెట్టుకొని పోతా" అని ఫోన్లో తేల్చేసింది. మా అమ్మాయి శ్రావ్యకు కాలేజీ సెలవులు. ముగ్గురం పది రోజుల తరువాత ఒకే విమానంలో తిరిగి వచ్చేట్టు టికెట్లు తీశాం.

ఎయిర్‌పోర్టులో వాళ్ళను చూడగానే గబగబా ఎదురు వెళ్ళాను. సుగుణ మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "గింత చిక్కిండ్రేంది? ఈడ అన్నం పెడ్తలేరా?" అని అందరి ముందే నిలదీసింది. శ్రావ్య పక్కకు తిరిగి నవ్వింది. నాలుగు నెలల బెంగ ఆ ఒక్క మాటతో పోయింది.

మూడో రోజు వాళ్ళను విత్తన కేంద్రానికి తీసుకెళ్ళాను. నా దర్జా చూపించుకోవాలని సరదా, దాచుకోవడమెందుకు? సందర్శకులకు తెల్లకోటు, చేతికి గ్లవ్స్ ఇస్తారు. నాలుగో లాటు బల్ల మీద సిద్ధంగా ఉంది. ఉదయమే లెన్సుతో చూశాను, మొలకలన్నీ మల్లెమొగ్గల్లా తెల్లగా ఉన్నాయి. సంతకం ఒక్కటే మిగిలింది.

మా వైపు వరి వడ్లను నానబెట్టి, గోనెసంచిలో మూటగట్టి మొలకెత్తిస్తారు, దాన్నే మండె కట్టడం అంటారు. మొలక సరిగా వస్తోందో లేదో సంచిలో చెయ్యి పెట్టి వేడి చూసి, వాసన చూసి చెబుతారు. సుగుణ చిన్నప్పటి నుంచి చేసిన పని అది. ఆమె గ్లవ్ తీసేసి ఒక సంచి మీద అరచెయ్యి ఆనించింది. తరువాత దాని మూతి విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది. ల్యాబ్ ఇన్‌ఛార్జి కంగారుపడి పరుగున వచ్చాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఏందండీ ఇది? పులిసిన మండె వాసన కొడ్తంది. దీనికి గాలి ఆడలే" అంది.

నేను విసుక్కున్నాను. ఇది వడ్లు కాదు, నీకు తెలియదు అన్నాను. "అవ్, నాకేం తెల్వదు. మీరే చూడుండ్రి" అని సంచి నా చేతిలో పెట్టింది. వాసన చూశాను. చాలా పలచగా, కానీ ఉంది.

రూలు ప్రకారం కంటికి తప్పు కనబడకపోతే సంతకం పెట్టవచ్చు. కానీ సంతకం ఆపాను. ఒక్కో సంచిలోంచి కొన్ని గింజలు తీసి తడిబట్టలో మూడు రోజులు ఉంచమన్నాను. మా సరదా తిరుగుళ్ళన్నీ రద్దు. మూడో రోజు బట్ట విప్పితే సగం మొలకల మొనలు గోధుమరంగుకు తిరిగాయి. ల్యాబ్ ఇన్‌ఛార్జి మర్యాదస్తుడు, వాదించలేదు. మొలకెత్తే రోజుల్లో సంచులకు వారం వారం గాలి పట్టించే పని ఒకసారి తప్పిపోయిందని రికార్డు చూసి ఒప్పుకున్నాడు. ఆ లాటు వచ్చి ఉంటే మొలకలు నర్సరీలోనే చచ్చేవి. మొక్కల కోసం పేర్లు రాయించుకుని పొలం ఖాళీ చేసుకున్న మా వైపు జూలూరుపాడు రైతులకు ఒక ఏడాది పోయేది.

వేడి గదిలో ఉన్న తరువాతి లాటు మొలకెత్తడానికి ఇంకో నెల పడుతుందన్నారు. నా టికెట్ రద్దు చేయించాను.

ఎయిర్‌పోర్టులో వాళ్ళను సాగనంపుతూ సుగుణను అడిగాను, ఆ మాట అంటే నేను ఆగిపోవాల్సి వస్తుందని తెలియదా అని.

"ఎందుకు తెల్వదు? సంచి మూతి విప్పినప్పుడే తెల్సింది" అంది. కళ్ళు తుడుచుకుంది. "గట్లని నోరు మూసుకుంటనా? ఆ రైతుల మొఖం రేపు నేను గూడ చూడాలె గదా. జల్దీ రాండ్రి."

చెడు కంటికి కనబడకముందే మొదలవుతుందనీ, దాన్ని పసిగట్టడం ఆ పని చేసి చేసి ఉన్న చేతులకే తెలుస్తుందనీ నాకు తెలిసింది ఆ నెలలోనే. తిరిగొచ్చాక తనిఖీ ఫారంలో 'వాసన' అని ఒక గడి చేత్తో గీసుకున్నాను. నేను దిగిపోయేనాటికి దాన్ని అచ్చులోనే వేశారు. ఈ గడి ఎవరు పెట్టించారని కొత్త ఆఫీసర్లు అడిగితే, మా ఆవిడ అని చెబుతాను.