రెండో అంతస్తులో ఆగే లిఫ్టు

ఆ భవనంలో అందరికంటే ఎక్కువసార్లు పైకి వెళ్లి, అందరికంటే తక్కువ మెట్లు ఎక్కిన మనిషి ఎవరంటే లిఫ్టాయనే. వకీళ్ల గదులు, నోటరీ బల్లలు, దస్తావేజుల కార్యాలయాలు ఒకదాని మీద ఒకటి పేర్చిన పాత భవనం అది. దాని నడుమ ఇనుప జాలీ తలుపున్న లిఫ్టు, లిఫ్టులో ఒక మూల ఎత్తుపీట, ఆ పీట మీద ఏళ్ల తరబడి ఆయన. పీట తోలు ఆయన ఒంటికి తగ్గట్టు గుంటపడింది. ఆయన ఒళ్లూ పీటకు తగ్గట్టు సర్దుకుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పీటకూ ఎదుటి గోడకూ మధ్య ఇద్దరు హాయిగా నిలబడేవారు. ఇప్పుడు ఒక్కరు, అదీ ఊపిరి బిగబట్టుకుని.

ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. అభ్యంతరం వచ్చింది తోడల్లుడి వల్ల.

లిఫ్టాయన భార్యకు స్వయానా చెల్లెలి మొగుడతను. అత్తవారింట్లో ఈయన పెద్దల్లుడు, అతను చిన్నల్లుడు. అదే భవనం నాలుగో అంతస్తులో, నకళ్లు తీసి ఇచ్చే విభాగంలో గుమాస్తా. ఆ ఉద్యోగం ఖాళీ అయిందని మొదట కబురు చెప్పింది కూడా లిఫ్టాయనే. పొట్ట విషయంలో ఇద్దరూ సరిసమానులుగా ఉన్న రోజుల్లో అక్కచెల్లెళ్లు మాట్లాడుకుని, మొగుళ్లిద్దర్నీ ఒకే డాక్టరు ముందు నిలబెట్టారు. ఒళ్లు తగ్గించకపోతే గుండె ఒప్పుకోదని డాక్టరు ఇద్దరికీ ఒకే మాట చెప్పాడు. న్యాయంగా చూస్తే ఇద్దరికీ పడింది ఒకే శిక్ష. అమలులోనే తేడా వచ్చింది.

లిఫ్టాయన తెల్లవారుజామున నడక మొదలుపెట్టి, వారం తిరక్కముందే మోకాళ్ల మీద నెపం వేసి మానేశాడు. చిన్నల్లుడు నడక జోలికే పోలేదు. లిఫ్టు ఎక్కడం మానేశాడు.

అదే లిఫ్టాయన కడుపు మండించింది. అతను ఊరంతా చుట్టి సన్నబడినా ఇంత బాధ ఉండేది కాదు. రోజూ తన కళ్లెదుట, తాను తలుపు తెరిచి పట్టుకుని "ఎక్కు తమ్ముడూ" అంటుండగా, "వస్తానన్నయ్యా" అని సంచి భుజానికి తగిలించుకుని పక్కనున్న మెట్ల వైపు తిరగడం ఏమిటి? వడ్డించిన కంచం ముందు నుంచి లేచిపోయినట్టు కాదూ?

ఇంటికి వెళితే అక్కడా అతనే. చెల్లెలు ఫోనులో చెప్పిన వార్తలన్నీ భార్య అన్నంతోపాటు వడ్డించేది. మరిది ప్యాంట్లన్నింటికీ నడుం దగ్గర కుట్లు వేయించారట. గురక తగ్గిందట. పెళ్లినాటి చొక్కా మళ్లీ పట్టిందట.

"ఇన్నేళ్లు ఆ చొక్కా దాచుకున్నాడా? ఎంత పిసినారి వాడు" అన్నాడు లిఫ్టాయన.

"దాచింది చెల్లెలు. మీదీ నేను దాచాను. మొన్నే కత్తిరించి దిండు గలేబు కుట్టా. దిండుకైతే సరిగ్గా సరిపోయింది."

ఆ రాత్రి ఆయన తలగడ లేకుండా పడుకున్నాడు.

దెబ్బ మీద దెబ్బ అత్తవారింట్లో తగిలింది. ఒక ఆదివారం అందరూ అక్కడికి భోజనానికి వెళ్లారు. ఇనప బీరువాను మేడ మీది గదికి చేర్చాలని మామగారు చిన్నల్లుణ్ణి పిలిచారు. పిలవకపోయినా లిఫ్టాయన చొక్కా చేతులు మడిచి లేచాడు. "మీరెందుకు బాబూ, కూర్చోండి" అంటూ అత్తగారు ఎంతో మర్యాదగా అడ్డుపడింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆయన కూర్చోబోతున్న ప్లాస్టిక్ కుర్చీని పక్కకు లాగి, వంటింట్లోంచి ఇనప కుర్చీ తెప్పించి వేసింది. బీరువా మేడ మీదికి వెళుతున్న చప్పుడు ఆయన ఆ కుర్చీలో కూర్చునే విన్నాడు.

తిరిగి వస్తూ దారిలో తీర్మానించుకున్నాడు. తాను సన్నబడాలని కాదు. చిన్నల్లుడు లిఫ్టు ఎక్కాలని. ఒక్కసారి ఎక్కితే చాలు. ఒక్కసారి ఎక్కినవాడు రెండోసారి ఎందుకు ఎక్కకూడదో తనకు తానే కారణం చెప్పుకోలేడు.

చిన్నల్లుడి బలహీనత ఎక్కడుందో ఆయనకు తెలుసు. రెండో అంతస్తు మలుపులో, కిటికీ దగ్గర, అతనికి ఆయాసం ముంచుకొస్తుంది. మెట్ల కమ్మీ పట్టుకుని కాసేపు నిలబడతాడు. మర్నాటి నుంచి సరిగ్గా ఆ వేళకు లిఫ్టు అక్కడ ఆగేది. జాలీ తలుపు బార్లా తెరుచుకునేది. లోపల ఫ్యాను తిరుగుతూ ఉండేది.

"ఎక్కు తమ్ముడూ."

"వద్దులే అన్నయ్యా."

మాట రెండు ముక్కలే. కాని ఆ పిలుపులో ఆయన పోయగలిగినంత వెటకారం పోసేవాడు. ఏ పనీ లేకుండా లిఫ్టు అక్కడ ఎందుకు ఆగుతోందని వకీళ్లు కసురుకుంటే, మోటారు వేడెక్కుతోందని చెప్పేవాడు. ఫిర్యాదు పైదాకా వెళ్లి, మెకానిక్ వచ్చి, అంతా విప్పి, లిఫ్టుకు ఏ జబ్బూ లేదని తేల్చాడు. నిజమే, జబ్బు లిఫ్టుది కాదు.

రోజులు గడిచేకొద్దీ చిన్నల్లుడి ఊపిరి లిఫ్టాయనకు కంఠతా వచ్చింది. జలుబు చేసిన రోజున ఆశ పుట్టేది. వాన పడి చెప్పులు జారుతుంటే ఇంకా ఆశ పుట్టేది. కాని వింటుండగానే ఆయాసం తగ్గింది. నిలబడే సేపు తగ్గింది. చివరికి ఒక పొద్దున చిన్నల్లుడు కమ్మీ పట్టుకోకుండానే, చెయ్యి ఊపి, పైకి సాగిపోయాడు. తెరిచిన తలుపు పట్టుకుని లిఫ్టాయన అలాగే ఉండిపోయాడు. కింది నుంచి గంట మోగుతూనే ఉంది.

ఆ తర్వాత కూడా లిఫ్టు రెండో అంతస్తులో ఆగడం మానలేదు. అలవాటైపోయింది, అసూయకూ అలవాటుంటుంది.

ఒకరోజు చిన్నల్లుడు ఆలస్యంగా వచ్చాడు. అడుగులు బరువుగా పడ్డాయి. మలుపు దగ్గరికి వచ్చి, కమ్మీ పట్టుకోలేదు. సంచి కింద పెట్టి మెట్టు మీద కూలబడ్డాడు. ఆయాసం కాదు. ముఖంలో నీరసం. నెల రోజులుగా ఒంటి బరువు ఉన్నచోటే ఉందనీ, ఎంత ఎక్కినా ఇక తగ్గనంటోందనీ, తన మొండితనం చూసి ఇంట్లోవాళ్లకు కూడా నవ్వులాటగా ఉందనీ తల వంచుకుని చెప్పాడు. చెప్పి లేచాడు. లిఫ్టు దగ్గరికి వచ్చాడు. ఒక కాలు లోపల పెట్టాడు.

లిఫ్టాయన ఇన్నాళ్లుగా కోరుకున్నది ఇదే. పీట మీద కొంచెం సర్దుకుని చోటు కూడా ఇచ్చాడు.

"మీతో ఒక మాట చెప్పాలన్నయ్యా" అన్నాడు చిన్నల్లుడు. "అసలు మొదటి వారమే మానేసేవాణ్ణి. కింద మొదటి మెట్టు దగ్గరే ప్రాణం ఉసూరుమనేది. కాని మొదట కింద, తర్వాత ఇక్కడ మీరు తలుపు తీసుకుని కూర్చుంటారు కదా, ఎక్కు తమ్ముడూ అంటారు కదా. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. వద్దు అని మీ మొహం మీద అనాలనే రోజూ మెట్ల దగ్గరికి వచ్చేవాణ్ణి. అన్నాక ఎక్కక తప్పేది కాదు."

లిఫ్టు పైకి పోవాలంటే వెనక గోడలో ఇనుప దిమ్మలు కిందికి దిగాలి. ఇన్నేళ్లుగా లిఫ్టాయనకు తెలిసిన సంగతే అది. ఆ దిమ్మ తానేనని మాత్రం ఇప్పుడే తెలిసింది. తగ్గిన ఆ నడుములో సగం తనది. ఆ పెళ్లినాటి చొక్కా పట్టించింది తను. బీరువాను మేడకెక్కించిన ఆ చేతుల్లో ఉన్నది తన కసి. రోజూ తలుపు తీసి, పీట మీద నుంచి కదలకుండా, ఇంకొకణ్ణి పైకి పంపించాడు! కష్టం తనదీ, కీర్తి అతనిదీనా? అసూయ చల్లారుతుందేమో అనుకున్న ఘడియలోనే రెండింతలై లేచింది.

"కాలు తియ్యి" అన్నాడు.

చిన్నల్లుడు తెల్లబోయి వెనక్కి తగ్గాడు. లిఫ్టాయన పీట దిగాడు. బయటికి వచ్చి, జాలీ తలుపు లాగి, తాళం వేసి, తాళంచెవి జేబులో పడేసుకున్నాడు.

"లిఫ్టు పనిచెయ్యదు. మోటారు వేడెక్కింది. పద."

"మీరెక్కడికన్నయ్యా?"

"పైకి. నా సొమ్ము తిని నువ్వొక్కడివే సన్నబడతావా?"

చిన్నల్లుడికి ఆ మాట అర్థం కాలేదు. కాని లిఫ్టాయన అప్పటికే కమ్మీ పట్టుకుని మెట్ల మీద ఉన్నాడు. మోకాళ్లు మొదటి అడుగుకే మొర పెట్టుకున్నాయి. ఆగుదామనిపించి వెనక్కి చూస్తే, చిన్నల్లుడు సంచి భుజానికెత్తుకుని తల పైకెత్తి చూస్తున్నాడు. ఆ చూపు ముందు ఆగడం కుదరలేదు. ఇంకో అడుగు వేశాడు. చొక్కా వీపుకు అతుక్కుంది, చెవుల్లో హోరు మొదలైంది.

మూడో అంతస్తు మలుపు దగ్గర చిన్నల్లుడు వెనక నుంచి నెమ్మదిగా, లిఫ్టాయన గొంతులోని వెటకారాన్నే తెచ్చిపెట్టుకుని అన్నాడు.

"కావాలంటే కూర్చోండన్నయ్యా."

"వద్దులే తమ్ముడూ" అన్నాడు లిఫ్టాయన, మాటకూ మాటకూ మధ్య గాలి పీల్చుకుంటూ.

కింద ఎవరో వకీలు గంట మీద నుంచి వేలు తీయడం లేదు. అది మోగుతోంది, మోగుతూనే ఉంది. లిఫ్టాయన వినిపించుకోలేదు. ఆయన దృష్టి అంతా ఒక్కదాని మీదే ఉంది: చిన్నల్లుడు తనకంటే రెండు మెట్లు కిందే ఉన్నాడు.