సీసం కేంద్రకాలు, సుగుణమ్మ ఆంటీ ప్రార్థన

ఈ సాయంత్రం బందరులో, మా వీధి సుగుణమ్మ ఆంటీ ఇంట్లో ప్రార్థన కూడిక. కాలేజీలో ఫిజిక్స్ చెప్పే నోరు కదా, మొదలయ్యేలోపు ఊరుకోలేకపోయాను. ఒక పెద్ద యంత్రంలో రెండు సీసం పరమాణు కేంద్రకాల్ని దాదాపు కాంతి వేగంతో ఢీకొట్టిస్తే, సూర్యుడి నడిమధ్య కంటే లక్ష రెట్లకు పైగా వేడి పుడుతుందని గొప్పగా చెప్పాను.

"మరి ఆ మిషను కరిగిపోదా బాబూ?" అన్నారు ఆంటీ.

నాకు తెలియదు. ఇన్నేళ్లలో ఆ అనుమానమే రాలేదు. "అవన్నీ మీకు అర్థం కావులెండి ఆంటీ" అన్నాను.

"అంతేలే నాయనా, మాకేం తెలుసు" అంటూ చాప సర్దారు.

అందరూ పాట పాడుతుంటే, బైబిల్ వాక్యం చూస్తున్నట్టు నటిస్తూ ఫోన్లో వెతికాను. వేడి ఎంతున్నా ఆ నిప్పుచుక్క కేంద్రకమంత చిన్నది, పుట్టీపుట్టగానే ఆరిపోతుంది. దాంతో గుక్కెడు టీ కూడా వేడెక్కదట. ఆవిడ అడిగింది అసలైన ప్రశ్న. అయినా ఆ మాట పైకి చెప్పలేదు నేను.

చివర్లో ఆంటీయే ప్రార్థన చేశారు. "ప్రభువా, మా బాబుకి ఇంత జ్ఞానం ఇచ్చినందుకు నీకు స్తోత్రం."

మీరైతే అప్పుడేం చేసేవారో చెప్పండి. నేను మాత్రం కళ్లు మూసుకుని, అందరితో పాటు ఆమెన్ అన్నాను.