మూత తీసి చూసే చేపలక్క

"నిన్న నువ్విచ్చిన చేప పొయ్యెక్కగానే జావైపోయిందమ్మా! ఆ కంపుకి సగం మంది తినకుండానే లేచిపోయారు!"

"అది మీ వంట గొప్పతనమేమో మాస్టారూ! నా చేప మీద పడతారేం?"

కొట్టులో తడిక వెనక చేపలు కోస్తున్న ఆమె తమ్ముడు కత్తి ఆపాడు. ఫ్యాక్టరీ క్యాంటీన్ వంటమాస్టారు అంతలా అరవడం అతనెప్పుడూ వినలేదు.

"ఇంకొక్కసారి ఇలా జరిగిందా, పక్క కొట్టుకి పోతాను," అనేసి వెళ్లిపోయాడాయన. ఆ క్యాంటీన్ బేరం పోతే కొట్టు మూసుకోవాల్సిందే.

బజారంతా ఆమెను చేపలక్క అంటారు. మొగుడు పోయాక ఒంటిచేత్తో కొట్టు నిలబెట్టింది. తన నీడను కూడా నమ్మదు. ఎవరైనా నమస్కారం పెడితే, ఏం కావాలని అడుగుతుంది.

"మార్చేస్తున్నార్రా," అంది తడిక ఇవతలికి వచ్చి. "పొద్దున నేను ఐసుపెట్టెలో పెట్టేది మిలమిల్లాడే చేప. సాయంత్రానికి మొప్పలు మట్టిరంగు, కళ్లు లోపలికి. ఎండలు ముదిరిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఎవరో మంచివి తీసి కుళ్లువి పెడుతున్నారు."

"ఎవరు?"

"పక్క కొట్టుది. కాకపోతే ఐసువాడు. అయినా ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు."

"నన్నా అక్కా అంటున్నావు?"

"నిన్నని అన్నానా? నీ వైపు చూశాను, అంతే."

మర్నాడు ప్రతి చేప తోకకీ కత్తెరతో గుర్తుకి చిన్న గాటు పెట్టి, ఐసులో సర్ది, పక్కనే పీట వేసుకుని కూర్చుంది. పక్క కొట్టావిడ దగ్గితే మూత తీసింది. ఐసువాడు సైకిలు దిగితే తీసింది. తమ్ముడు మంచినీళ్లకి లేస్తే తీసింది. తీసినప్పుడల్లా చేపల్ని తిరగేసి తోకలు చూసుకుంది. రోజూ ఉన్న తంతే, ఆ రోజు మరీ ఎక్కువ. నెత్తిమీద రేకు పెనంలా కాలుతోంది.

"గాట్లన్నీ ఉన్నాయిరా," అంది చివరికి, మొహం వేలాడేసి. "మరి పొట్టలు మెత్తబడ్డాయేంటి? ఏదో మందు చల్లారు."

తమ్ముడు పెట్టెలో చెయ్యి పెట్టాడు. ఐసు లేదు. గోరువెచ్చటి నీళ్లు. పేగులు తీయని చెరువు చేపకి వేడి తగిలితే కుళ్లు పొట్టలోనే మొదలవుతుందని అతనికి తెలుసు.

"మందూ లేదు, మాకూ లేదు. నువ్వు మూత తీసినప్పుడల్లా చల్లదనం బయటికి, వేడి లోపలికి. నీ కాపలాకే కుళ్లాయక్కా ఇవి."

అబద్ధమేమోనని అతని మొహంలోకి చూసింది. తనూ చెయ్యి ముంచింది. ఒక చేపని వేలితో నొక్కింది. పడ్డ గుంట మళ్లీ లేవలేదు. ఇంకోటి నొక్కింది. అదీ అంతే.

పెట్టె మొత్తం చెత్తడబ్బాలో కుమ్మరించింది.

"ఈ రోజుకి చేప లేదు, రేపు మంచిది ఇస్తామని మాస్టారికి చెప్పిరా," అంది. అతను గుమ్మం దాటబోతుంటే పిలిచింది.

"ఒరేయ్, వస్తూ ఈ పెట్టెకి ఒక తాళం కొనుక్కురా. చెవి నాకివ్వకు. తిట్టినా, ఏడ్చినా ఇవ్వకు. నిన్ను దొంగంటాను... తప్పకుండా అంటాను. అయినా సరే, సాయంత్రం మాస్టారు చేపలకి వచ్చేదాకా ఇవ్వకురా."