కొన కోయడానికి ఎక్కిన ఆరిన్

ఆరెగాన్ తీరపు కొండల్లో ముసలి అడవిని నున్నగా కొట్టేసిన చోట సూదుల్లాంటి ఆకులుండే ఫర్ మొక్కలు నాటినవాళ్లలో ఆరిన్ టాకెట్ ఒకడు. అప్పుడతనికి పంతొమ్మిదేళ్లు. నలభై రెండేళ్లలో ఆ చెట్లు కిక్కిరిసిపోయాయి. ఎండ నేలకు దిగదు, కింద గడ్డి కూడా మొలవదు. అడవికి మళ్లీ పాత తీరు రావాలని కొన్నిటిని కొట్టి మిగిలినవాటికి చోటివ్వడం, అక్కడక్కడా ఒకదాని కొన కోసేసి వడ్రంగిపిట్టలు గూళ్లు తొలుచుకునేందుకు నిలువునా ఎండనివ్వడం ఇప్పుడు అతని పని.

కిందటేడు అతను కోసిన చెట్టొకటి పక్కచెట్టులో చిక్కుకుని, అతను వెనుదిరగ్గానే జారి మూరెడు దూరంలో పడింది. ఎవరికీ చెప్పలేదు. అప్పటినుంచి రంపం మోత వింటే వెనక్కి తిరిగి చూసుకునేవాడు.

మార్చిలో ఒకరోజు నడుముకు తాడు కట్టుకుని ఎనభై అడుగులు ఎక్కాడు. కొన పడాల్సిన వైపు రంపంతో ముందు గాటు పెట్టాడు. వెనక కోత సగంలో ఉండగా చెట్టు కిర్రుమంది. చేతులు బిగుసుకుపోయాయి.

కింద ఉన్న అన్న కూతురు మార్లా అరిచింది. "ఏం బాబాయ్, అక్కడే కాపురం పెడతావా?"

రంపం కోతలోనే గురగురమంటూ ఉంది.

"బాబాయ్?"

"చేతులు నా మాట వినట్లేదే."

ఆమె గొంతు మారింది. "రంపం ఆపెయ్. కిందికి చూడకు. ఒక్కో అడుగే దిగు, నేను మాట్లాడుతూనే ఉంటా."

మూడు అడుగులు దిగాడో లేదో సముద్రం వైపునుంచి గాలి కొట్టింది. పైన కొన ఫెళ్లున విరిగి అవతలికి పడింది. మొద్దు ఊగిన ఊపుకు ఆరిన్ దాన్ని కావలించుకుని కళ్లు మూసుకున్నాడు. నేలకు చేరడానికి అరగంట పట్టింది.

"నిరుటినుంచీ భయమేనే నాకు," అన్నాడు నాచు మీద కూలబడి.

"మరెందుకెక్కావు?"

"చెప్పుకోవడానికి అంతకన్నా భయమేసింది."

మార్లా పైకి చూసింది. విరిగిన చోటు రంపపు కోతలా నున్నగా లేదు, పేళ్లుపేళ్లుగా చీలింది. పిట్టలకు అలాంటిదే కావాలి. "గాలి నీకంటే బాగా కోసింది," అంది. అతను నవ్వలేకపోయాడు.

ఆ తర్వాత ఆరిన్ మళ్లీ ఎక్కలేదు. మేస్త్రీతో ఉన్నదున్నట్టు చెప్పి, ఉంచాల్సిన చెట్లకు రంగు గుర్తులు వేసే పనికి మారాడు. చోటు దొరికిన చెట్లు లావెక్కుతున్నాయి, కింద దేవదారు మొలకలు లేస్తున్నాయి. గాలి రోజుల్లో మాత్రం అతను ట్రక్కు దిగడు. స్టీరింగ్ పట్టుకుని, కొమ్మల చప్పుడు ఆగేదాకా అలాగే కూర్చుంటాడు.