అక్క లెక్క

దేవునికి స్తోత్రం. మా ఆర్మూర్ సంఘంలో ప్రార్థన రాసే వరం ఆయన ఒక అక్కకిచ్చాడు, నాకివ్వలేదు. పసుపు మార్కెట్లో కూలి చేస్తూనే ఆమె ఫోన్లో రాసేది. ఎవరికైనా జబ్బు చేస్తే మాత్రమే "జర ఇను తండ్రీ" అని మొదలుపెట్టేది.

ఆమె గల్ఫ్‌కు వెళ్లాక పాస్టరుగారు, "అక్క లెక్క రాసుడు ఏఐకి నేర్పమ్మా" అన్నారు. నన్ను రాయమనలేదు. కడుపు మండుతున్నా ఆమె ప్రార్థనలన్నీ దానికిచ్చి అచ్చం ఆమెలాగే రాయడం నేర్పాను.

అది పెళ్లి దీవెనను కూడా "జర ఇను తండ్రీ" అని మొదలుపెట్టింది. పాస్టరుగారు దాన్ని సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టగానే పెళ్లికొడుకు తల్లి నాకు ఫోన్ చేసింది. "వదినా, మా కోడలికేమైంది? ఏ దవాఖానల ఉన్నది?"

నాకు లోపల సంతోషమే. ఇక నన్నే రాయమంటారనుకున్నాను. పాస్టరుగారు నవ్వి, "అక్కకే ఫోన్ కలుపమ్మా" అన్నారు.

కలిపాను. ఈ కడుపుమంట చల్లారాలని మీరూ నాతో మోకరించండి.