పండిన పంటకు నీళ్లు

మా అత్తమ్మ నాకంటే బెత్తెడు పొడుగు. పెళ్లయిన కొత్తలో అటక మీది డబ్బా అందక నేను స్టూలు వెతుక్కుంటుంటే, వెనక నుంచి చెయ్యి చాపి అందుకుని, "తల్లిగారింట్ల నీకు అన్నం పెట్టలేరా బిడ్డా?" అని నవ్వేది. అప్పుడు నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఒక్కసారి మళ్లీ అంటే బాగుండుననిపిస్తుంది.

ఆర్మూరులో పసుపు పండించే ఇళ్లల్లో ఆడవాళ్ల నడుముకు సెలవు లేదు. తవ్వేటప్పుడు వంగాలి, కొమ్ములు విరిచేటప్పుడు వంగాలి, కల్లంలో ఆరబోసేటప్పుడూ వంగాలి. అన్నిసార్లు వంగినా, లేచి నిలబడితే ఆమె నిట్రాడులా నిటారుగానే ఉండేది. అలాంటి మనిషికి వాకిట్లో జారి చెయ్యి ఆనించినందుకే మణికట్టు విరిగింది. నిజామాబాద్ దవాఖానలో పరీక్ష చేసి ఎముకలు గుల్లబారాయన్నారు. ఆరు నెలలకొక సూది రాసి, తప్పించొద్దని మరీ మరీ చెప్పారు.

కొన్నేళ్లు బుద్ధిగా వేయించుకుంది. మళ్లీ పరీక్ష చేస్తే ఎముక గట్టిపడిందన్నారు. ఆ తర్వాతి సూది రోజు దగ్గరపడేసరికి మేము చేనులో ఉన్నాం. పసుపు ఆకు పండి వాలిపోయింది, నీళ్లు ఆపేశాం, తవ్వకానికి కూలీలను పిలవాలి. నేనే దవాఖాన మాట ఎత్తాను.

"ఆకు పండినంక పసుపుకు నీళ్లు పెడతరా?" అంది అత్తమ్మ.

"పెట్టం."

"ఎందుకు పెట్టం?"

"పంట తయారైంది గదా అత్తమ్మా."

"నా బొక్కలు గూడ తయారైనయ్. ఇగ సూదెందుకు?"

పసుపు మీద ఆమెతో వాదించి గెలిచినవాళ్లు మా ఊళ్లో లేరు. మా ఆయన సరేనని కూలీలను పిలవడానికి పోయాడు. డాక్టరును ఒక మాట అడుగుదామని ఎవరికీ తోచలేదు. లెక్క అంత ముచ్చటగా కుదిరింది మరి.

పంట అమ్ముడైంది, ఎండలు పోయాయి, ఆమె నడుము చక్కగానే ఉంది. వానలు పడ్డాక ఒక పొద్దున పొయ్యి మీది అన్నం గిన్నె దించబోయి "అవ్వా" అంటూ అక్కడే కూర్చుండిపోయింది. జారలేదు, పడలేదు. గిన్నె కూడా చిన్నదే. నడుం పట్టిందిలే అని నువ్వుల నూనె రాయించుకుంది. రెండు రోజులకల్లా మంచం మీద పక్కకు తిరగాలన్నా నా మెడ పట్టుకోవాల్సి వచ్చింది. నొప్పికి ఏడవని మనిషి నా భుజం మీద ఏడ్చింది. మర్నాడే నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయాం.

ఎక్స్‌రే తీస్తే వెన్నుపూసలు రెండు కుంగి ఉన్నాయి. సూది ఎప్పుడు ఆపారని డాక్టరమ్మ మొదటే అడిగింది. అత్తమ్మ పసుపు, నీళ్ల సంగతి దాచకుండా చెప్పింది. డాక్టరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు.

"గీ సూది ఏసుకున్నన్ని రోజులే బొక్కను పట్టి ఉంచుతది అమ్మా. ఆపితే పట్టు పోతది. ఆగి ఉన్న అరుగుడంత ఒక్కపారి మొదలైతది, ఎన్నుపూసలు ఇరుగుతయ్. ఎన్నటికీ ఆపొద్దని కాదు. ఆపాలంటే దాని ఎంబడే ఇంకో మందు ఇయ్యాలె. నడుమ ఖాళీ ఉండొద్దు."

"కుంగినయి మల్ల లేస్తయా?"

"నొప్పి తగ్గుతది. కుంగినయి లేవయి. ఇంకోటి కుంగకుంట చూసుకుందాం."

ఆ రోజే సూది మళ్లీ మొదలుపెట్టారు. ఇంటికొచ్చే దారిలో ఆమె కారు అద్దంలోంచి చేన్లు చూస్తూ, "మన్ను ఎరిగినంత నా ఒళ్లు ఎరగకపోతి" అంది. నేను ఆమె చెయ్యి నా ఒళ్లోకి తీసుకున్నాను.

నడుముకు పట్టీ కట్టుకుని మెల్లగా లేచి నడిచింది. అప్పుడు తెలిసింది, ఆమె నా ఎత్తుకు దిగిందని. బట్టలారేసే దండెం అందక మునివేళ్ల మీద నిలబడడం చూసి, చెప్పకుండా కిందికి కట్టాను. మర్నాడు దాన్ని పట్టుకుని చూసింది.

"దండెం దిగిందేంది?"

"తాడు సాగింది అత్తమ్మా."

"అవునవును, తాడే సాగింది" అని నా బుగ్గ గిల్లింది.

మళ్లీ పసుపు తవ్వకాలు వచ్చాయి. సూది రోజునే ఉడకబెట్టే బాయిలర్ కూడా వచ్చి కల్లంలో దిగింది. పసుపు ఉడుకుతుంటే ఆమె కల్లం దాటదు. కొమ్ములో పుల్ల గుచ్చి, మెత్తగా దిగితేనే తీయమంటుంది. ముందే తీస్తే లోపల పచ్చి, ఆలస్యమైతే రంగు చెడుతుంది. ఇన్నేళ్లలో ఆ పుల్ల నా చేతికి ఇచ్చింది లేదు. ఇవాళ వద్దు, రేపు పోదామంటే ఏం చెప్పాలా అని పొద్దుటి నుంచి మాటలు కూర్చుకుంటున్నాను.

ఆమె ఉతికిన చీర కట్టుకుని బయటికొచ్చింది. పుల్ల నా చేతిలో పెట్టింది.

"మెత్తగ దిగినంకనే తియ్యమను. నేను సూదికి పోయొస్త."

"పసుపు ఇడిచిపెట్టి పోతవా అత్తమ్మా?"

"గీ పంట తయారైంది బిడ్డా. నాకైతే ఇంకా నీళ్లు పెట్టాలె."

మా ఆయన కారు తలుపు తీశాడు. ఆమె డాక్టరమ్మ నేర్పినట్టు వీపు వంచకుండా, సీటు పట్టుకుని మెల్లగా కూర్చుంది. కారు సందు తిరిగేదాకా చూసి, ఒక కొమ్ము తీసి పుల్ల గుచ్చాను. ఇంకా దిగలేదు.